ట్వైన్‌లో కథ ఎందుకు తిరగబడుతోంది: ఆర్ట్ విద్యార్థులకు ఇంటరాక్టివ్ కథలు నేర్పే మాస్టార్ల కోసం సమస్య - పరిష్కారం

ఒడిశాలోని బరంపురంలో బొమ్మలు నేర్చుకునే పిల్లలకు సాయంత్రం పూట డిజిటల్ కథలు నేర్పుతాను. చదివేవాళ్ళు దారి ఎంచుకుంటే ముందుకు సాగే కథలవి. వాడేది ట్వైన్. క్రిస్ క్లిమస్ 2009లో తెచ్చిన ఉచిత సాధనం. కోడింగ్ రాకపోయినా మొదలుపెట్టొచ్చు. చివరికి వచ్చేది ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు, మామూలు ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. పర్లాకిమిడి, రాయగడ వైపు కూడా ఇలాంటి క్లాసు మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తాయని, నా దగ్గర మళ్ళీమళ్ళీ వచ్చే చిక్కులు రాస్తున్నాను.

"మాస్టారూ, నిన్న చేసిన కథ లేదు"

కారణం: బ్రౌజర్‌లో ట్వైన్ వాడితే కథ ఏ సర్వర్‌కీ వెళ్ళదు. ఆ కంప్యూటర్‌లో, ఆ బ్రౌజర్‌లోనే దాచుకుంటుంది. ఎవరైనా బ్రౌజర్ డేటా క్లియర్ చేస్తే పోయినట్టే. ఇన్‌కాగ్నిటోలో చేసిన పని విండో మూయగానే పోతుంది. వేరే సిస్టమ్ దగ్గర కూర్చుంటే అసలు కనబడదు. నాలుగు వారాల పని ఇలా పోగొట్టుకున్న అమ్మాయి ఏడవకుండా కూర్చుని ఖాళీ స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ తప్పు నాది. ముందే చెప్పాల్సింది.

పరిష్కారం: వీలైతే డెస్క్‌టాప్ యాప్ వేయించండి. అది కథల్ని కంప్యూటర్‌లోనే ఫైళ్ళుగా దాస్తుంది. వీలుకాకపోతే క్లాసు అయ్యే పది నిమిషాల ముందు అందరిచేతా 'పబ్లిష్ టు ఫైల్' నొక్కించి, పేరులో తేదీ పెట్టించి, ఎవరి మెయిల్‌కి వాళ్ళనే పంపుకోమనండి. ఆ ఫైలును మళ్ళీ ఇంపోర్ట్ చేస్తే కథ మొత్తం మార్చుకోవడానికి వీలుగా తిరిగొస్తుంది.

లింకు నొక్కితే ఖాళీ పేజీ

తెలుగులో పని చేసేవాళ్ళకే వచ్చే చిక్కు ఇది. ఒక పాసేజీకి, అంటే ట్వైన్ కథలో ఒక పేజీకి, 'గుడికి వెళ్ళాడు' అని పేరు పెట్టి, లింకులో [[పద->గుడికి వెళ్లాడు]] అని రాస్తారు. మనకు రెండూ ఒకటే. ట్వైన్‌కి కావు. ఆ పేరుతో పాసేజీ లేదనుకుని కొత్తది, ఖాళీది పుట్టిస్తుంది. పాసేజీలన్నీ గడులుగా కనబడే మ్యాప్‌లో ఒంటరిగా ఒక గడి కనబడితే అనుమానం ముందు ళ, ల వత్తుల మీదే పెట్టుకోండి. పాసేజీలకు 'గుడి1', 'వీధి2' లాంటి పొట్టి పేర్లు పెట్టించాక నా క్లాసులో ఈ గొడవ తగ్గింది.

బొమ్మలు నా లాప్‌టాప్‌లో వస్తున్నాయి, వాళ్ళ ఫోన్‌లో రావట్లేదు

ట్వైన్ బొమ్మను తనలో కలుపుకోదు. అది ఎక్కడుందో చిరునామా మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. పిల్లలు హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒక్కటే వాట్సాప్‌లో పంపిస్తారు, బొమ్మల ఫోల్డర్ ఇంట్లోనే ఉండిపోతుంది. రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి జిప్ చేసి పంపాలి. చిరునామాలో సీ డ్రైవ్, డెస్క్‌టాప్ లాంటివి ఉండకూడదు. ఇంగ్లిష్ ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. విండోస్ పెద్దా చిన్నా తేడా పట్టించుకోదు గానీ వెబ్ సర్వర్లు చాలావరకు పట్టించుకుంటాయి. ఫోన్‌తో తీసిన పెయింటింగ్ ఫోటో ఒక్కోటీ 4, 5 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1280 పిక్సెళ్ళకు తగ్గించి జేపెగ్‌గా సేవ్ చేస్తే ఫోన్‌కు సరిపోతుంది.

అక్షరాలు గజిబిజి

డీటీపీ షాపులో టైప్ చేయించిన పాత ఫైలు అయితే అది అను ఫాంట్లలో ఉండి ఉంటుంది. ఆ ఫాంటు లేని చోట అక్షరాలు చెదిరిపోతాయి. ఎక్కడైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. ఫోటోషాప్ పాత వెర్షన్‌లో వత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర దక్షిణాసియా భాషల ఎంపిక ఆన్ చేసి, కొత్త డాక్యుమెంట్ తెరవండి.

"నాకు తెలుగు వచ్చు, చదవడం రాదు"

మా వైపు క్లాసుల్లో అసలు కష్టం ఇదే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగులో గలగలా మాట్లాడే పిల్ల తెలుగు అక్షరాల ముందు ఆగిపోతుంది. ఆ పిల్లకు కథ చెప్పడం రాదని అనుకోకండి.

పరిష్కారం: ముందు రాయించకండి, చెప్పించండి. ఫోన్‌లో రికార్డ్ చేసి ఆ గొంతునే పాసేజీలో పెట్టండి. లింకుల మీద మాటలు ఒడియా లిపిలో రాసుకున్నా కథ తెలుగు కథే. ఆడియో మొదటి పేజీలో మోగలేదని కంగారుపడొద్దు. చదివేవాళ్ళు ఏదో ఒకటి నొక్కేదాకా బ్రౌజర్లు సాధారణంగా శబ్దాన్ని ఆపేస్తాయి. మొదటి పేజీలో 'మొదలుపెట్టు' అని ఒక్క లింకు ఉంచి, గొంతును రెండో పేజీలో పెట్టండి.

దీనివల్ల ఇంకో మేలు ఉంది. రాయమంటే "ఎక్కడికి వెళ్ళుచున్నావు" అని పాఠ్యపుస్తకంలా రాసే పిల్లే రికార్డింగులో వాళ్ళ అమ్మమ్మలా "ఎక్కడికెల్తన్నావే" అంటుంది. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది పర్లాకిమిడిలోనే. వాడుక భాష కోసం పోరాడిందీ, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం కూర్చిందీ ఆయనే. ఆ ఊరి పక్కన కూర్చుని పిల్లల నోటిమాట దిద్దడానికి నాకు మనసొప్పదు.

దారులు బోలెడు, ఏ దారిలో వెళ్ళినా ఒకటే

ఒక కుర్రాడు మా ఊరి ఠాకురాణి యాత్ర మీద కథ చేశాడు. రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర అది, మొక్కున్నవాళ్ళు వేషాలు కడతారు. కథలో అబ్బాయికి పులివేషం మొక్కు. ఏ వీధిలోంచి వెళ్ళాలో మూడు ఎంపికలు ఇచ్చాడు. బొమ్మలు అద్భుతం, పులిచారలు ఒక్కోటీ కుంచెతో వేశాడు. కానీ ఏ వీధిలో వెళ్ళినా అమ్మవారి దగ్గరికే చేరతాం, ఏమీ మారదు. రెండో ఎంపిక దగ్గరే తోటివాళ్ళు ఫోన్ పక్కన పెట్టేశారు.

కారణం: బొమ్మలు వేసేవాళ్ళకు ఎంపిక అంటే ఇంకో దృశ్యం. చదివేవాళ్ళకు అది ఒకటి వదులుకోవడం. ఇది తెలియక మరికొందరు ప్రతి మలుపునూ విడిగా సాగదీస్తారు. రెండేసి దారులతో ఐదు మలుపులు పెడితే 32 ముగింపులు, మొత్తం 63 పేజీలు. మూడేసి దారులైతే ముగింపులే 243. ఎవరు గీస్తారు అన్ని?

పరిష్కారం: ప్రతి ఎంపిక దగ్గరా ఒకటే అడగండి, "ఇది తీసుకుంటే వాడికి ఏది పోతుంది?" ఆ కుర్రాడు వీధులు తీసేశాడు. అబ్బాయి చేతిలో 200 రూపాయలు పెట్టాడు. మంచి రంగులు కొంటే డప్పులవాళ్ళకు ఇవ్వడానికి ఉండదు. డప్పులు మాట్లాడుకుంటే చవక రంగు చెమటకు కారిపోతుంది. ఏం కొన్నాడో ఒక వేరియబుల్‌లో, అంటే చదివేవాళ్ళ ఎంపికను ట్వైన్ దాచుకునే చోట, గుర్తుపెట్టించాం. ఆ తర్వాత దారులు మళ్ళీ ఒకే యాత్రలో కలుస్తాయి. చివర నాయనమ్మ గుమ్మంలో నిలబడిన బొమ్మ ఒక్కటే, కింద ఆవిడ మాట మాత్రం మారుతుంది. రంగులు కొన్నవాడితో "చప్పుడే లేదు, వచ్చింది నువ్వేనా?" అంటుంది. డప్పులు పెట్టించుకున్నవాడి ముఖం మీద కారిన రంగును కొంగుతో తుడుస్తుంది.

కంప్యూటర్ తెరవకముందే దీన్ని నేల మీద చేయించండి. ఒడియా గంజప పేకల్లా గుండ్రంగా కాగితాలు కోసి, ఒక్కోదాని మీద ఒక్కో ఘట్టం గీయించి, మధ్య దారాలు పరపించండి. దారం ఎక్కడ తెగిందో, ఎక్కడ ఊరికే చీలిందో పిల్లలే చూపిస్తారు.

తర్వాత పూర్తయిన కథను పక్క బ్యాచ్ పిల్లవాడి చేతికివ్వండి. రాసినవాళ్ళు పక్కన కూర్చోవాలి గానీ నోరు మెదపకూడదు. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ చదవకుండా నొక్కేశాడో కాగితం మీద గుర్తుపెట్టుకోవాలి. చదవకుండా నొక్కేసిన చోటునే ముందు మార్చాలి.