ఇంట్లో నెట్ నెమ్మదించినా, మాటిమాటికీ తెగిపోయినా లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా?

నెట్ మొరాయించగానే చాలామంది చేసే మొదటి పని కంపెనీవాళ్లకు ఫోన్ చేయడం, రెండో పని కొత్త రౌటర్ కొనడం. ఈ రెండింటికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. లోపం వీధి స్తంభం నుంచి మీ ఇంట్లోని నెట్ పెట్టె (మోడెం, రౌటర్) దాకా వచ్చే లైనులో ఉందా, లేక ఆ పెట్టె నుంచి మీ ఫోన్ దాకా వచ్చే వై-ఫైలో ఉందా? చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, వీడియో ఆగిపోయి చక్రం తిరుగుతూ ఉంటుంది. కానీ ఒకదానికి వాడిన మందు మరొకదానికి పనిచేయదు.

ఇది తేల్చడానికి ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా రౌటర్‌కు తగిలించి, దాని వై-ఫై ఆపి, ఇంట్లోని టీవీ, ఫోన్లు ఆ కాసేపు నెట్ వాడకుండా చూసి, స్పీడ్ టెస్ట్ చేయాలి. ల్యాన్ పోర్టు లేని ల్యాప్‌టాప్ అయితే రౌటర్ పక్కనే కూర్చుని 5 గిగాహెర్ట్జ్ వై-ఫై (రౌటర్ ఇచ్చే 2.4, 5 గిగాహెర్ట్జ్ రకాల్లో వేగమైనది) మీద చేసినా సుమారుగా తెలుస్తుంది. ప్లాన్‌లో చెప్పే వేగం మెగాబిట్లలో ఉంటుంది, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో ఫైలు సెకనుకు 11, 12 మెగాబైట్ల చొప్పున దిగుతుంటే అది లోపం కాదు, రావలసినదే వస్తోంది. ఇదే పరీక్ష ఉదయం ఒకసారి, రాత్రి అందరూ నెట్ ముందు కూర్చునే తొమ్మిది, పది గంటల వేళ ఒకసారి చేసి అంకెలు రాసి పెట్టుకోవాలి. వైరు మీద ఉదయం బాగుండి రాత్రి మాత్రమే పడిపోతుంటే చాలావరకు అది ఆపరేటర్ వైపు రద్దీ. దానికి మీరు ఎంత ఖరీదైన రౌటర్ కొన్నా ప్రయోజనం లేదు.

200 లేదా 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నవారు ఒక అంకెను ప్రత్యేకంగా గమనించాలి. వేగం ఏ వేళ చూసినా 90, 95 దగ్గరే గోడ కట్టినట్టు ఆగిపోతుంటే అనుమానించవలసింది ల్యాన్ వైరునే. అందులోని ఎనిమిది తీగలూ సరిగ్గా కలిస్తేనే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగం వస్తుంది, ఒక్కటి తెగినా లింకు 100కు దిగిపోతుంది. రౌటర్ లేదా ల్యాప్‌టాప్ పోర్టు పాతదైతే కూడా ఇలాగే జరుగుతుంది. అందుకే ముందు వైరు మార్చి చూడాలి, అది అన్నిటికన్నా చవక.

వేగం బాగానే ఉండి మధ్యమధ్యలో తెగిపోతుంటే పింగ్ పరీక్ష చేయాలి, అంటే ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఒక కిటికీలో రౌటర్ చిరునామాకు (చాలా రౌటర్లకు అది 192.168.1.1), మరో కిటికీలో బయటి చిరునామా అయిన 8.8.8.8కు (గూగుల్ సర్వరు) పింగ్ ఆగకుండా నడపాలి. రౌటర్ నుంచి వచ్చే జవాబులే ఆలస్యమవుతుంటే లేదా రాకపోతుంటే లోపం ఇంట్లోనే ఉంది. రౌటర్ చక్కగా పలుకుతూ బయటి చిరునామా మాత్రమే పలకకపోతే లైనును చూడాలి.

లైను సంగతి చాలావరకు పెట్టె మీది లైట్లే చెబుతాయి. ఎల్‌ఓఎస్ అన్నచోట ఎర్ర లైటు వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా ఉపయోగం ఉండదు. ఇంట్లో చూడవలసింది ఒక్కటే, సన్నని ఫైబర్ వైరు బీరువా వెనక నలిగిందా, మేకు దగ్గర మడత పడిందా అని. ఎర్ర లైటు లేకపోయినా అప్పుడప్పుడూ తెగిపోతుంటే పెట్టె సెట్టింగుల పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ (పెట్టెకు అందే వెలుతురు బలం) అనే అంకెను చూడండి. ఇళ్లలోని సాధారణ జీపాన్ (ఫైబర్ నెట్) పెట్టెలు మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం వరకు పనిచేస్తాయి. మైనస్ 27కు దగ్గరపడుతుంటే ఎక్కడో జాయింటు బలహీనంగా ఉన్నట్టే. ఫైబర్ కొసను మాత్రం మీరు ఊడదీయవద్దు, దానిలోకి తొంగి చూడవద్దు. కంటికి కనిపించని లేజర్ వెలుతురు అందులో ఉంటుంది.

విశాఖపట్నం సముద్రం పక్కన ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ మరో చిక్కు ఉంది. గాజు ఫైబర్‌ను ఉప్పుగాలి ఏమీ చేయదు గానీ రాగి తీగలను వదలదు. లాసన్స్ బే, పెదవాల్తేరు వంటి తీరానికి దగ్గరి ప్రాంతాల్లో, డాబా మీది నెట్ స్విచ్ (లైనును ఇళ్లకు పంచే పెట్టె) నుంచి ల్యాన్ వైరు దించిన అపార్ట్‌మెంట్లలో, పిన్ను ఊడదీసి చూస్తే బంగారు రంగు పోయి పచ్చటి చిలుము కనిపించవచ్చు. దాన్ని గీకి మళ్లీ పెడితే నాలుగు రోజులు పనిచేసి మొదటికొస్తుంది. కొస కోసి కొత్త పిన్ను వేయించడమే సరైన పని. ఇలాంటి రాగి వైరు ఉన్నవారు ఉరుములు, మెరుపులు మొదలవగానే దాన్ని రౌటర్ నుంచి తీసేయడం మంచిది. ఇక 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ వంటి తుపాను వచ్చి స్తంభాలే కూలితే ఇంట్లో చేయగలిగింది ఏమీ ఉండదు.

వైరు మీద అంతా బాగుండి ఫోన్‌లోనే నెమ్మదిస్తే తప్పు వై-ఫైది. రౌటర్‌ను ఇనుప బీరువా మీద, టీవీ వెనక, గుమ్మం దగ్గర మూలన పెట్టి వెనక గదిలో నెట్ రాలేదనడం మనకు అలవాటు. దాన్ని ఇంటి మధ్యలో, మనిషి తల ఎత్తున పెట్టాలి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ, 2.4 గిగాహెర్ట్జ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎంవీపీ కాలనీ, అక్కయ్యపాలెం వంటి చోట్ల ఒక్కో అపార్ట్‌మెంట్‌లో పక్కింటి వై-ఫైలు పది, పదిహేను కనిపిస్తాయి కాబట్టి 2.4లో 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువ ఉన్నదాన్ని ఎంచుకుని, రౌటర్ సెట్టింగుల్లో ఛానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు కుదించాలి. దూరపు గదికి రిపీటర్ (వై-ఫైని అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొనేముందు అక్కడికి ల్యాన్ వైరు లాగి రెండో రౌటర్ పెట్టడం కుదురుతుందేమో చూడండి. రిపీటర్లు చాలావరకు వచ్చిన వేగాన్ని సగం తామే తినేస్తాయి.

రౌటర్ తనంతట తానే ఆగి మళ్లీ వెలుగుతుంటే అడాప్టర్ పాడైందేమో చూడాలి. మార్చేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టులు కచ్చితంగా కలవాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. పేజీ తెరుచుకోవడానికి తటపటాయించి, తెరుచుకున్నాక వేగంగా వస్తుంటే డీఎన్‌ఎస్‌ను (సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చే సేవ) 1.1.1.1కు మార్చి చూడవచ్చు. వీటిలో ఏది చేసినా ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, లేకుంటే దేనివల్ల బాగైందో తెలియదు. రౌటర్ వెనక చిన్న రంధ్రంలోని రీసెట్ మీటను మాత్రం నొక్కకండి. లాగిన్ వివరాలన్నీ చెరిగిపోయి, బాగున్న లైనుకు కూడా టెక్నీషియన్ రావలసి వస్తుంది.

లోపం లైనుదే అని తేలితే ఫిర్యాదులో నెట్ స్లోగా ఉందని మాత్రం చెప్పి ఊరుకోవద్దు. వైరు మీద ఫలానా వేళ ఇంత వేగం వచ్చింది, ఆర్‌ఎక్స్ పవర్ ఇంత ఉంది, ఎర్ర లైటు ఇన్ని గంటలకు వెలిగింది అని చెబితే వచ్చే మనిషి రౌటర్ ఆపి మళ్లీ వేసి వెళ్లిపోకుండా నేరుగా జాయింటు దగ్గరికి వెళ్తాడు. డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తప్పనిసరిగా అడిగి రాసుకోవాలి. గడువులోగా బాగుచేయకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ నెట్ కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి (పై స్థాయి ఫిర్యాదుల విభాగం) అప్పీలు చేసే వీలుంది, అక్కడ ముందుగా అడిగేది ఆ నంబరునే.