తునికాకు రోజుల్లో తేలుతో జాగ్రత్త

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ వైపు బీడీలు చుట్టే తునికాకు మొదలైందంటే వాకిలంతా ఆకే. పెద్దలతో పాటు పిల్లలూ కూర్చుని కట్టలు కడతారు. తేళ్లు ఎక్కువగా తిరిగేదీ ఈ ఎండల్లోనే. పగలు రాళ్ల సందుల్లో, కట్టెల మోపుల కింద దాక్కుని, రాత్రి చల్లబడ్డాక బయటికొస్తాయి. ఆకుకుప్పను ముందు కర్రతో కదిపి, తర్వాతే పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వండి. చెప్పులు దులిపి తొడిగించండి. పడక మంచం మీదే, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి. దొంగనోట్లు చూసే నీలం లైటు టార్చి వేస్తే చీకట్లో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. మేం మొదటిసారి వేసిన రాత్రి పొయ్యికట్టెల పక్కనే రెండు కనిపించాయి, ఇక ఆ రాత్రి నిద్ర ఎక్కడిది!

పెద్ద నల్లతేలును చూస్తే హడలిపోతాం, చిన్న ఎర్రతేలంటే చులకన. ప్రాణం మీదికి తెచ్చేది ఆ ఎర్రదే, అదీ పిల్లలకి.

కుడితే సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. కోయడం, తాడు బిగించడం వద్దు. మంత్రం వేయిస్తే తగ్గిందంటారు. చాలాసార్లు నొప్పి తప్ప ఇంకేమీ ఉండదు, వేయించకపోయినా తగ్గేదే. ఆ నమ్మకంతో కూర్చున్న గంటే పిల్లల కొంప ముంచుతుంది. నొప్పి తగ్గినా వాంతి, ఒళ్లంతా చెమట, చొంగ, చల్లబడిన చేతులు కాళ్లు కనిపిస్తే విషం గుండె మీద పనిచేస్తున్నట్టే. ఆయాసం, దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నమాట. అసలు పిల్లల్ని కుడితే ఇవి కనిపించేదాకా ఆగకుండానే 108కి ఫోన్ చేయండి. జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండొందల కిలోమీటర్లు, కాబట్టి ముందు దగ్గర్లోని సర్కారు దవాఖానకే. మరాఠీలో "వించూ చావలా" (తేలు కుట్టింది) అని, కుట్టిన టైము చెప్పండి.

అక్కడ ఇచ్చే ముఖ్యమైన మందు ప్రాజోసిన్, మామూలు బీపీ మాత్ర. తేలుకాటుకు దాన్ని వాడి చూపించింది ఈ మహారాష్ట్రలోనే, మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. విషం బిగించేసిన రక్తనాళాలను అది వదులు చేస్తుంది. బరువును బట్టి డాక్టరే లెక్కగట్టి ఇవ్వాలి, అవసరమైతే తేలు విషానికి విరుగుడు ఇంజెక్షను కూడా ఇస్తారు. ఇంట్లో తాతయ్య బీపీ మాత్ర విరిచి వేయకండి. మాత్ర పడ్డాక ఏడుస్తున్నాడని భుజాన ఎత్తుకోవద్దు, లేపి నిలబెట్టొద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఒంటేలుకు కూడా పడుకోబెట్టే పోయించండి.