సిగరెట్ మానేస్తున్న రోజుల్లో మనకు మనం ఇచ్చుకోవలసిన బహుమతులు

పీల్చిన పొగలోని నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడును చేరి, అక్కడ డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయించి హాయి కలిగిస్తుంది. ఇంత త్వరగా అందే హాయికి ఏళ్ల తరబడి అలవాటుపడిన మనసుకు, ఏడాది పాటు మానేస్తే గుండెపోటు ముప్పు బాగా తగ్గుతుందన్న మాట ఎంత నిజమైనా, సాయంత్రం పుట్టే తహతహను ఆపేంత బలాన్ని ఇవ్వదు. అందుకే మనకు మనం ఇచ్చుకునే బహుమతి చిన్నదైనా వెంటనే చేతికందేదిగా ఉండాలి.

మానేసే రోజుకు ముందు రెండు మూడు రోజులు, సిగరెట్ వెలిగించిన ప్రతిసారీ అది మీకు ఏమిచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఒకటి పని మధ్య విరామాన్ని, మరొకటి స్నేహితుడితో నాలుగు మాటలను, ఇంకొకటి కోపం చల్లారడానికి కాస్త సమయాన్ని ఇచ్చి ఉంటుంది. నా దృష్టిలో ఈ పని అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే చాలామంది సిగరెట్‌తో పాటు ఆ విరామాన్ని, ఆ మాటలను కూడా వదులుకుని, జీవితంలో ఏదో కోల్పోయామన్న దిగులుతో మళ్లీ మొదలుపెడతారు. పని మధ్య లేచి బయటికి వెళ్లే ఆ పది నిమిషాలు మీవే. వాటిని అలాగే ఉంచుకుని, పొగ తాగేవాళ్లు లేని వైపు నడవండి, ఇష్టమైన పాట వినండి, ఆప్తులకు ఫోన్ చేయండి. చురుకైన నడక ఆ కాసేపూ తహతహను తగ్గిస్తుంది కూడా.

తాగాలన్న కోరిక ఎంత ఉధృతంగా వచ్చినా సాధారణంగా కొద్ది నిమిషాల్లో సద్దుమణుగుతుంది. అది దాటిన వెంటనే, ముందే అనుకున్న చిన్న బహుమతిని తీసుకోండి: నచ్చిన నవలలో నాలుగు పేజీలు, వేడినీళ్ల స్నానం, ఒక ఆట. మొదటి మూడు రోజులు ఇబ్బంది ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు పూటకొక బహుమతి పెట్టుకున్నా తప్పులేదు. రెండో వారం నుంచి రోజుకొకటి, నెల దాటాక వారానికొకటి సరిపోతుంది.

సిగరెట్లకు ఖర్చయ్యే డబ్బును ప్రతి రాత్రీ ఒక గాజు సీసాలో వేయండి. దానితో ఏ రోజున ఏమి కొనాలో ముందే నిర్ణయించుకోండి, ఆ రోజు రాగానే కొనండి. ఇంటి అవసరాలకు ఆ డబ్బు వాడితే మీ కష్టానికి ఫలితం మీకు కనబడకుండా పోతుంది.

తీపి పదార్థాలను రోజువారీ బహుమతిగా పెట్టుకోకండి, ఎందుకంటే మానేసిన తర్వాత ఆకలి పెరిగి చాలామంది బరువు పెరుగుతారు. మద్యం నిగ్రహాన్ని సడలిస్తుంది కనుక మొదటి వారాల్లో దాని జోలికి పోకపోవడం మేలు. కాఫీ విషయం చాలామందికి తెలియదు: పొగలోని పదార్థాల వల్ల పొగతాగేవారి కాలేయం కెఫీన్‌ను త్వరగా విరిచేస్తుంది, మానేశాక అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అప్పుడు కలిగే గుండెదడను, నిద్రలేమిని సిగరెట్ లేకపోవడం వల్లనే వచ్చాయని పొరబడే అవకాశం ఉంది, కాబట్టి కాఫీని తగ్గించండి. నికోటిన్ ప్యాచ్, చూయింగ్ గమ్ వంటివి వైద్యుని సలహాతో వాడేవారు ఈ బహుమతులను వాటికి తోడుగానే ఉంచుకోవాలి.

"వారం ఆగాను, ఒక్కటి తాగితే ఏమవుతుంది" అన్నది మాత్రం బహుమతి లెక్కలోకి రాదు. అయినా ఎప్పుడైనా ఒకటి తాగితే, అప్పటిదాకా సంపాదించుకున్న బహుమతులను శిక్షగా రద్దు చేసుకోకండి. సీసాలోని డబ్బు అలాగే ఉండనివ్వండి, ఆ సిగరెట్‌కు దారితీసిన సందర్భాన్ని మొదటి కాగితంలో చేర్చండి, తర్వాతి బహుమతిని మాత్రం వారం చివర కాకుండా మరుసటి రాత్రికే పెట్టుకోండి.