డ్రయ్యర్ బిగించాక వచ్చే తిప్పలు: ముందు దాని వెనకాల చూడండి

అమెరికాలో ఇల్లు మారినప్పుడల్లా వాషర్, డ్రయ్యర్ వెంట మోసుకెళ్లేవాళ్లం చాలామందిమి ఉన్నాం. డబ్బు పోసి కొన్నది, వదిలేయడానికి మనసొప్పదు. కొత్తింట్లో బిగించాక అది మొరాయిస్తే మిషన్ పోయిందని టెన్షన్ పడతాం. నాకు ఎదురైన వాటిలో మాత్రం తప్పు ఎక్కువగా మిషన్‌ది కాదు, దాని వెనకాల ఉండే ప్లగ్గుదో, గాలి గొట్టానిదో. ఇక్కడ రాసింది 240 వోల్టుల ఎలక్ట్రిక్ డ్రయ్యర్ల గురించి. మీది గ్యాస్‌ది అయితే సొంతంగా చెయ్యి పెట్టకండి.

ఏ పనికైనా ముందు ఇంటి కరెంటు ప్యానెల్‌లో డ్రయ్యర్ బ్రేకర్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకేయాలి. జరపడానికి ఇద్దరు కావాలి. ఒక్కరే లాగితే గొట్టం చితుకుతుంది, నడుమూ పట్టేస్తుంది.

ప్లగ్ సాకెట్‌లో పట్టడం లేదు

ఇళ్లు మారేవాళ్లకి మొట్టమొదట తగిలేది ఇదే. 1996 నుంచి అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ కొత్తగా వేసే డ్రయ్యర్ లైన్లకు నాలుగు వైర్లు ఉండాలంది: రెండు ఫేజులు, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్. అంతకుముందు మూడే. అప్పట్లో న్యూట్రల్ వైరుతోనే ఎర్త్ పని కూడా కానిచ్చేవారు. అందుకే పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్, కొత్త ఇళ్లలో నాలుగు రంధ్రాలది.

అడాప్టర్ కోసం వెతక్కండి. సాకెట్‌కి తగ్గట్టు డ్రయ్యర్ కార్డ్, అంటే చివర ప్లగ్ ఉండే కరెంటు తీగ, మార్చుకోవడమే పద్ధతి. 30 ఆంపియర్ల డ్రయ్యర్ కార్డ్ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. డ్రయ్యర్ వెనక చిన్న రేకు మూత విప్పితే వరసగా మూడు స్క్రూలు కనిపిస్తాయి. నాలుగు వైర్ల కార్డ్ అయితే మధ్యదానికి తెల్ల వైరు, అంటే న్యూట్రల్, అటూ ఇటూ ఎరుపు, నలుపు. ఆ రెండూ తారుమారైనా నష్టం లేదు. ఆకుపచ్చ వైరు డ్రయ్యర్ బాడీకి ఉన్న ఎర్త్ స్క్రూకి పోవాలి.

ఇక్కడే చాలామంది ఒకటి మర్చిపోతారు. మధ్య స్క్రూ నుంచి బాడీకి ఒక చిన్న రాగి పట్టీ గానీ వైరు గానీ ఉంటుంది. నాలుగు వైర్ల కార్డ్ వేస్తే దాన్ని బాడీ నుంచి తప్పించాలి. మూడు వైర్ల కార్డ్ అయితే ఉంచి తీరాలి. కొన్ని మోడళ్లలో అది వేరే రకంగా ఉంటుంది కాబట్టి మూత లోపల అతికించిన బొమ్మ ఒకసారి చూడండి.

పాత ఇంట్లో ఎర్త్ వైరు రాకపోయినా, గోడకి నాలుగు రంధ్రాల సాకెట్ పెట్టేసి పని అయిందనిపించేవాళ్లున్నారు. ప్లగ్ పడుతుంది, మిషన్ తిరుగుతుంది, ఎర్త్ మాత్రం ఉండదు.

ముట్టుకుంటే జిల్లుమంటోంది

వెంటనే బ్రేకర్ ఆపండి. "కొంచెమేగా" అని వాడొద్దు. మూడు వైర్ల ఏర్పాటులో న్యూట్రల్ ఎక్కడైనా వదులైతే, మోటార్ గుండా వచ్చిన కరెంటు ఆ పట్టీ మీదుగా బాడీకి చేరుతుంది. పక్కనే వాషర్, కింద తడి నేల. నాలుగు వైర్ల దాంట్లో అయితే పట్టీ తీయకుండా వదిలేశారేమో, ఆకుపచ్చ వైరు బిగిసి ఉందో లేదో చూడాలి. అన్నీ సరిగ్గా ఉన్నా జిల్లుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

డ్రమ్ తిరుగుతోంది, వేడి మాత్రం లేదు

ఇది చూసి హీటర్ కాయిల్ కొనేస్తారు. ఆగండి. చాలా డ్రయ్యర్లలో మోటార్ 120 వోల్టులతో నడుస్తుంది, హీటర్‌కి 240 కావాలి. రెండు ఫేజుల్లో ఒకటి పోతే డ్రమ్ తిరుగుతూనే ఉండొచ్చు, బట్టలు మాత్రం చల్లగా ఉంటాయి. రెండు ఫేజులకీ కలిపి ఉండే జంట బ్రేకర్‌ని పూర్తిగా ఆఫ్‌లోకి తోసి, మళ్లీ ఆన్ చేయండి. చాలాసార్లు వేడి అంతటితో వచ్చేస్తుంది. రాకపోతే కార్డ్ స్క్రూలు వదులయ్యాయేమో, ప్లగ్ పిన్ను ఏదైనా నల్లబడిందేమో చూడాలి. నల్లబడితే కార్డ్‌తో పాటు సాకెట్ కూడా మార్చాలి. ఒకటే మారిస్తే రెండోది దాన్ని మళ్లీ కాలుస్తుంది.

బ్రేకర్ పడిపోతోంది

ఆన్ చేయగానే పడితే షార్ట్. కార్డ్ లోపలికి వెళ్లే చోట క్లాంప్ బిగించకపోతే, అదురుకి రేకు అంచు వైరు తొడుగుని కోసేస్తుంది. ఇరవై నిమిషాలు నడిచి పడితే వదులు స్క్రూ వేడెక్కడమో, బ్రేకర్ ముసలిదవడమో కావచ్చు. 30 తీసేసి 40 ఆంపియర్ల బ్రేకర్ వేయమనే సలహా వినకండి. గోడలో ఉన్న 10 గేజ్ రాగి వైరు 30కి లెక్కగట్టి వేసింది. 40 వేస్తే బ్రేకర్ పడదు, గోడలో వైరు కాలుతుంది.

గంటన్నరైనా బట్టలు తడిగానే ఉన్నాయి

మా డ్రయ్యర్ తెచ్చిన డెలివరీ వాళ్లు పది నిమిషాల్లో బిగించి వెళ్లిపోయారు. జీన్స్ ఆరడానికి రెండు సైకిళ్లు పట్టేవి. మా అమ్మ వచ్చిన కొత్తలో అది చూసి, "దీనికంటే దండెమే నయం కదరా" అంది. మిషన్‌ని గోడకి ఆనించి తోసేసరికి వెనకాల గొట్టం అప్పడంలా చితికిపోయిందని ఆ తర్వాత తెలిసింది.

డ్రయ్యర్ నడుస్తుండగా బయటికెళ్లి గోడ మీది మూత చూడండి. గట్టిగా తెరుచుకుని వేడిగాలి తన్నాలి. నీరసంగా ఊగుతుంటే దారిలో అడ్డముంది. గొట్టం 4 అంగుళాలది, లోపల నున్నగా ఉండే లోహపుది కావాలి. తెల్ల ప్లాస్టిక్ గొట్టం ఉంటే ఈ రోజే తీసేయండి. అతుకులకి అల్యూమినియం ఫాయిల్ టేపు చుట్టండి. స్క్రూలు లోపలికి పొడుచుకొస్తే బట్టల నూగు, అంటే లింట్, వాటికి తగులుకుని పేరుకుంటుంది. పక్షులు దూరకుండా బయట జాలీ కొట్టడం కూడా అంతే, నెలల్లోనే మూసుకుపోతుంది.

పొడవు సాధారణంగా 35 అడుగులు దాటకూడదు. మామూలు 90 డిగ్రీల మలుపు ఒక్కోదానికీ అందులోంచి 5 అడుగులు తగ్గించుకోవాలి. మీ మోడల్ మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్నే పాటించండి.

లింట్‌కి నిప్పు ఎంత తేలిగ్గా అంటుకుంటుందో క్యాంప్‌ఫైర్ వేసేవాళ్లకి బాగా తెలుసు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ లెక్క ప్రకారం 2008-10లో డ్రయ్యర్ల వల్ల ఇళ్లలో ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయి. శుభ్రం చేయకపోవడమే అందులో ముఖ్య కారణం. డ్రయ్యర్‌లో లింట్ పట్టే జాలీ ప్రతి లోడ్‌కీ, గొట్టం కనీసం ఏడాదికోసారి శుభ్రం చేయాలి. మరీ వేడెక్కితే కరెంటు తెంచేసే థర్మల్ ఫ్యూజ్ కాలిపోయి డ్రయ్యర్ ఆగిపోతే, ఫ్యూజ్ మార్చే ముందు గొట్టం చూడండి. లేకపోతే కొత్తదీ పోతుంది.

గది ఉక్కపోతగా, అద్దాలు చెమర్చి ఉంటే

గొట్టం ఊడింది, లేదా పాత యజమాని దాన్ని అటక మీదికి వదిలేశాడు. అటకలోకి పోయే తేమ చెక్కని కుళ్లబెడుతుంది, లింట్ అక్కడే పేరుకుంటుంది. గొట్టం ఇంటి బయట దాకా వెళ్లాలి, వేరే దారి లేదు.

దడదడ శబ్దానికి మాత్రం భయపడక్కర్లేదు. కాళ్లు తిప్పి మట్టం చేస్తే చాలావరకు తగ్గుతుంది.

సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగినా, కాలిన వాసన వచ్చినా, లోపల అల్యూమినియం వైర్లు కనబడినా మూత మళ్లీ పెట్టేసి, బ్రేకర్ ఆఫ్‌లోనే ఉంచి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయండి. అతను వచ్చేదాకా బట్టలు లాండ్రొమాట్‌లో ఆరేసుకోవచ్చు.