నల్లగొండ చరిత్రను ‘అట్ల కాకుంటే?’ అని రాయాలంటే

ఒక్క ముడి మాత్రమే విప్పాలి. 1948 సెప్టెంబరు 13న పోలీసు చర్య, అంటే హైదరాబాద్ సంస్థానంపై భారత సైన్యం దాడి, మొదలు కాలేదనుకోండి. వెంటనే 1960కి దూకొద్దు. నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది 1947 నవంబరు 29న, గడువు ఏడాదే. అంటే నిజాం చేతిలో మిగిలేది 77 రోజులు. ఊళ్లల్లో సాయుధ పోరాటం, రజాకార్ల దాడులు, ఢిల్లీ మంతనాలు అన్నీ అందులోనే ఇమడాలి. వారానికో పేరా చొప్పున పదకొండు రాస్తే అతుకులు బయటపడతాయి.

ఎక్కువమంది బోల్తాపడేది 1952 ఎన్నికల దగ్గర. భారత్‌లో హైదరాబాద్ విలీనం తీసేసి, నల్లగొండ లోక్‌సభ స్థానంలో కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డి గెలుపును మాత్రం అట్లనే ఉంచేస్తారు. విలీనమే లేకుంటే నల్లగొండకు లోక్‌సభ ఓటు ఎక్కడిది? ఎన్నికే మార్చాలనుకుంటే కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తేయండి, చాలు. నిషేధం వల్ల కమ్యూనిస్టులు పోటీ చేసిన పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) బదులు ఆయన సొంత పార్టీ పేరుతో నిలబడతారు. ఓట్ల లెక్కలో జాగ్రత్త: అప్పుడది ద్విసభ్య స్థానం, ఓటరుకు రెండు ఓట్లు.