ఎస్ఎన్ఆర్పీఎన్ మిథైలేషన్ పరీక్ష: రక్తం నుంచి రెండు గీతల దాకా

డీఎన్ఏ అక్షరాల వరస చెక్కుచెదరకుండానే జన్యువు మూగబోవచ్చు. జన్యువు మొదట్లో ఉండే సీజీ జంటల్లోని సైటోసిన్‌కు మిథైల్ ముద్ర పడితే చాలాసార్లు అదే జరుగుతుంది. ఇలాంటి ముద్రల శాస్త్రమైన ఎపిజెనెటిక్స్ నేర్చుకునేవాళ్ళకు ఈ ముద్రను కళ్ళారా చూపించే పరీక్ష 15వ క్రోమోజోమ్ మీది ఎస్ఎన్ఆర్పీఎన్ అనే జన్యువుదే. అక్కడ తల్లి నుంచి వచ్చిన ప్రతికి ముద్ర ఉంటుంది, తండ్రి ప్రతికి ఉండదు. ఆ ప్రాంతంలో తండ్రి వాటా పనిచేయకపోతే ప్రాడర్-విల్లీ సిండ్రోమ్: బిడ్డ ఒళ్ళు మెత్తగా వేలాడిపోతుంది, పాలు పీల్చలేదు, కొన్నేళ్ళకు తీరని ఆకలి మొదలవుతుంది. తల్లి వాటా పనిచేయకపోతే ఏంజెల్‌మన్ సిండ్రోమ్: మాటలు రావు, నడక తూలుతుంది, మూర్ఛలు వస్తాయి.

ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ఉన్న ట్యూబులో 2–3 మి.లీ. రక్తం చాలు. హెపారిన్ ట్యూబు వద్దు, అది పీసీఆర్‌ను, అంటే డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్ళు తీసే పద్ధతిని, అడ్డుకుంటుంది. ఈ ముద్ర అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడే పడి ఒంట్లోని కణాలన్నిటికీ చేరుతుంది కాబట్టి రక్తం నమ్మదగ్గ నమూనా. మిగతా మిథైలేషన్ పరీక్షల్లో చాలావాటికి ఈ సౌకర్యం లేదు. అక్కడ తెల్లకణాల్లో ఏ రకం ఎంతుందన్నది మారితేనే ఫలితం మారిపోతుంది.

తీసిన డీఎన్ఏను ముందు ముక్కలను పొడవును బట్టి విడదీసి గీతలుగా చూపే జెల్ మీద నడిపి, ముక్కలు కాలేదని చూసుకోండి. తర్వాత అసలు పని, బైసల్ఫైట్ మార్పిడి. ముద్ర లేని సైటోసిన్ యురాసిల్‌గా మారిపోతుంది, ముద్ర ఉన్నది అలాగే నిలుస్తుంది.

1. 1 మైక్రోగ్రాము డీఎన్ఏను 50 మైక్రోలీటర్లలో తీసుకుని, 0.2 మోలార్ అయ్యేలా సోడియం హైడ్రాక్సైడ్ కలిపి 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచండి. పోగులు విడిపోవాలి, ఎందుకంటే జంటగా ఉన్న పోగు జోలికి బైసల్ఫైట్ పోదు.
2. 10 మిల్లీమోలార్ హైడ్రోక్వినోన్ 30 మైక్రోలీటర్లు, పీహెచ్ 5 దగ్గర 3 మోలార్ సోడియం బైసల్ఫైట్ 520 మైక్రోలీటర్లు కలపండి. రెండూ ఆ రోజు చేసినవే కావాలి. నిల్వ ఉన్న బైసల్ఫైట్ గాలి తగిలి పాడవుతుంది, మార్పిడి సగంలో ఆగిపోతుంది.
3. పైన మినరల్ ఆయిల్ పోసి, చీకట్లో, 50 డిగ్రీల దగ్గర 16 గంటలు. ఇంకా ఉంచితే మంచిదనుకోకండి, డీఎన్ఏ తునకలైపోతుంది.
4. కాలమ్‌తో శుభ్రం చేసి 50 మైక్రోలీటర్ల నీటిలో తీయండి. 0.3 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో గది వేడిలో 5 నిమిషాలు ఉంచి, ఇథనాల్‌తో అవక్షేపించండి. ఈ చివరి క్షారం మరిస్తే యురాసిల్ మీద సల్ఫోనేట్ మిగిలి, డీఎన్ఏకు నకలు తీసే ఎంజైమ్ పాలిమరేజ్ ముందుకు కదలదు.

ఇప్పుడున్నది ఒంటిపోగు. డీఎన్ఏ ఎంతుందో కొలిచే నానోడ్రాప్ యంత్రంలో ఆర్ఎన్ఏ సెట్టింగు పెట్టి కొలవండి, లేకపోతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

పీసీఆర్‌కు హాట్‌స్టార్ట్ టాక్ (వేడెక్కాకే పని మొదలుపెట్టే పాలిమరేజ్) వాడండి. తప్పులు దిద్దే పాలిమరేజ్‌లు చాలావరకు యురాసిల్ దగ్గర ఆగిపోతాయి. నకలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్ఏ ముక్కలు ప్రైమర్లు; మార్పిడి తర్వాత ముద్ర ఉన్న వరసా లేని వరసా వేరవుతాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో ప్రైమర్ జత పెడతారు. ఎక్కువగా వాడుకలో ఉన్న ప్రైమర్లతో తల్లి ప్రతి 174 బేస్‌ల గీతగా, తండ్రి ప్రతి 100 బేస్‌ల గీతగా వస్తాయి. మామూలు మనిషికి రెండూ కనిపిస్తాయి. 174 ఒక్కటే ఉంటే ప్రాడర్-విల్లీ, 100 ఒక్కటే ఉంటే ఏంజెల్‌మన్. ప్రతి జెల్ మీదా మామూలు నమూనా, రెండు జబ్బుల నమూనాలు, మార్పిడి చేయని డీఎన్ఏ, ఉత్త నీరు ఉండాలి. మార్పిడి చేయని డీఎన్ఏకు గీత వచ్చిందంటే ఆ ప్రైమర్లను నమ్మడానికి లేదు.

ఒక పొరపాటు ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. డీఎన్ఏ బాగా తునకలైతే పొడవైన 174 గీత ముందు మాయమవుతుంది, చిన్నది మిగులుతుంది. చూడటానికి అది అచ్చం ఏంజెల్‌మన్ ఫలితమే. అందుకే ఒకే గీత వచ్చిన ప్రతిసారీ రక్తం నుంచి డీఎన్ఏ మళ్ళీ తీసి, మొదటి నుంచి చేయాలి.

ప్రాడర్-విల్లీ కేసుల్లో 99 శాతానికి పైగా ఈ పరీక్షకు దొరుకుతాయి. ఏంజెల్‌మన్‌లో సుమారు 80 శాతమే. లక్షణాలు బలంగా ఉండి రెండు గీతలూ వస్తే, దెబ్బతింటే ఏంజెల్‌మన్‌కు దారితీసే యూబీఈ3ఏ జన్యువును చదివించాలి. గీత పోవడానికి కారణం క్రోమోజోమ్ ముక్క ఊడిపోవడమా, రెండు ప్రతులూ ఒకే తల్లి లేదా తండ్రి నుంచి రావడమా, ముద్ర వేసే కేంద్రమే దెబ్బతినడమా అన్నది ఈ జెల్ చెప్పదు. దానికి, మిథైల్ ముద్రతో పాటు ప్రతుల సంఖ్యనూ చూపే ఎంఎస్-ఎంఎల్‌పీఏ వంటి తర్వాతి పరీక్షలున్నాయి. ముద్ర కేంద్రంలోని లోపం తల్లి లేదా తండ్రి నుంచి వచ్చినదైతే, తర్వాతి కాన్పులో మళ్ళీ వచ్చే అవకాశం 50 శాతం దాకా ఉంటుంది. మిగతా కారణాల్లో ఎక్కువభాగం 1 శాతం లోపే. కారణం తేలేదాకా ఆ అమ్మానాన్నలకు రెండో బిడ్డ గురించి ఏ అంకే చెప్పకండి.