గేమింగ్ పీసీ ఎక్కడ మొరాయిస్తోంది, డబ్బు ఎక్కడ తప్పింది?

హై ఎండ్ గేమింగ్ పీసీ కట్టాలనుకునేవాళ్లు సాధారణంగా గ్రాఫిక్స్ కార్డుతో మొదలుపెడతారు. నన్నడిగితే మానిటర్‌తో మొదలుపెట్టాలి. ఏ రిజల్యూషన్‌లో, ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఆడతారో తేలితే కార్డు తేలుతుంది. కార్డును బట్టి ప్రాసెసర్, ఆ రెండింటినీ బట్టి పవర్ సప్లై. ఈ వరస తప్పితే డబ్బు ఒకచోట ఎక్కువై ఇంకోచోట చాలదు, దాని ఫలితం ఆటలో కనపడుతుంది. అలా కనపడే సమస్యలే కింద ఉన్నాయి. ఇంకా ఏమీ కొననివాళ్లు కూడా చదవండి. వీటిలో చాలావాటిని లిస్టు రాసేటప్పుడే తప్పించుకోవచ్చు.

పార్ట్ మార్చాలన్న నిర్ణయానికి రాకముందు ఖర్చులేని పరీక్షలన్నీ చేసెయ్యండి. సగం సమస్యలు సెట్టింగ్స్‌లోనే తీరిపోతాయి.

## ఖరీదైన కార్డు పెట్టినా ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పెరగలేదు

ముందు మానిటర్ కేబుల్ చూడండి. అది గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే ఉండాలి, మదర్‌బోర్డు పోర్టుకి కాదు. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రిఫ్రెష్ రేట్ చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని 60 దగ్గరే వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆటలో వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ ఆన్‌లో ఉన్నాయేమో కూడా చూడండి, అవి ఎఫ్‌పీఎస్‌ను ఒక హద్దు దగ్గర ఆపేస్తాయి.

అవన్నీ సరిగ్గా ఉంటే, ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు వాడకం ఎంతో స్క్రీన్ మూలన కనపడేలా పెట్టుకోండి. ఎన్విడియా, ఏఎండీ రెండింటి సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ సదుపాయం ఉంది. 95 శాతం పైన ఉంటే కార్డు తన శక్తంతా పెట్టేస్తోంది, ఇంకా కావాలంటే కార్డే మార్చాలి. 60, 70 దగ్గర తిరుగుతుంటే కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందన్నమాట, ప్రాసెసర్ దానికి పని అందించలేకపోతోంది.

ప్రాసెసర్ వాడకం 35 శాతమే చూపిస్తోంది కదా అని ఇక్కడ చాలామంది పొరబడతారు. 16 థ్రెడ్లున్న (ఒకేసారి 16 పనులు నడిపే) ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ నిండా పనిచేస్తే మొత్తం లెక్కలో అది 6 శాతమే. చాలా ఆటల్లో ముఖ్యమైన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది. అనుమానం తీరకపోతే రిజల్యూషన్ తగ్గించి చూడండి, లేదా తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ ఆన్ చెయ్యండి. కార్డు మీద భారం తగ్గినా ఎఫ్‌పీఎస్ కదలకపోతే అడ్డం పడుతున్నది ప్రాసెసరే.

దీనికి కారణం పిక్సెళ్ల లెక్కలో ఉంది. 1080పీలో ఒక్కో ఫ్రేముకి దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. రిజల్యూషన్ పెరిగేకొద్దీ కార్డు పని ఇలా పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కో ఫ్రేముకి చేసే పని మాత్రం మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే. అందుకే 1080పీలో 240 హెర్ట్జ్ కోసం ఆడేవాళ్లకు ప్రాసెసర్ ప్రాణం, 4కేలో ఆడేవాళ్లకు కార్డు ప్రాణం.

కార్డు ఖాళీగా ఉన్నవాళ్లకు డబ్బు ఖర్చుకాని పరిష్కారం ఒకటుంది. రిజల్యూషన్, గ్రాఫిక్స్ నాణ్యత పెంచెయ్యండి. ఎఫ్‌పీఎస్ పెద్దగా పడదు, బొమ్మ మెరుగవుతుంది. ప్రాసెసరే మార్చాల్సి వస్తే కోర్ల సంఖ్య చూసి కొనకండి. ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డీలో ఉన్నవి 8 కోర్లే, కానీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 96 ఎంబీ. 16 కోర్ల రైజెన్ 9 7950ఎక్స్ కంటే చాలా ఆటల్లో అదే ముందుంటుంది. వీడియో ఎడిటింగ్ లాంటి పని లేనివాళ్లు ఆటల కోసమని 16 కోర్లు కొనడం నాకు వృథా ఖర్చనే అనిపిస్తుంది.

## సగటు ఎఫ్‌పీఎస్ బాగుంది, అయినా ఆట తడబడుతోంది

సగటు 100 చూపిస్తుంది, మలుపు తిరిగినప్పుడల్లా ఒక క్షణం ఆగుతుంది. ఇలాంటప్పుడు సగటును పక్కనపెట్టి ‘1 శాతం లో’ (1% low) అనే అంకె చూడాలి. అది అన్నిటికంటే నెమ్మదైన ఫ్రేముల సంగతి చెబుతుంది. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీ సెకన్లలో రావాలి. నడుమ ఒకటి 60 మిల్లీ సెకన్లు తీసుకుంటే సగటు పెద్దగా మారదు, కంటికి మాత్రం తెలిసిపోతుంది.

మొదటి అనుమానం కార్డు మీదున్న వీడియో మెమరీ. టెక్స్చర్ సెట్టింగ్ ఒక్కటే ఒక మెట్టు తగ్గించి చూడండి. తడబాటు పోతే మెమరీ చాలడం లేదు. 2023లో వచ్చిన ఎన్విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 4060 టీఐ దీనికి మంచి ఉదాహరణ. అదే చిప్ 8 జీబీతోనూ 16 జీబీతోనూ వచ్చింది. మామూలు ఆటల్లో రెండూ ఒకేలా నడుస్తాయి, మెమరీ ఎక్కువ అడిగే ఆటల్లో 8 జీబీది తడబడుతుంది. పైగా ఆ కార్డు 8 పీసీఐఈ లేన్లే (కార్డుకు, బోర్డుకు నడుమ డేటా దారులు) వాడుకుంటుంది. పాత పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే, మెమరీ నిండినప్పుడు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కొత్తగా కొనేవాళ్లు 1440పీకి 12 జీబీ, 4కేకి 16 జీబీ కంటే తక్కువకు దిగొద్దని నా సలహా. వీడియో మెమరీ తర్వాత విడిగా పెంచుకునేది కాదు.

రెండో అనుమానం ర్యామ్. ఒకే స్టిక్ ఉంటే సింగిల్ చానల్‌లో నడుస్తుంది, బ్యాండ్‌విడ్త్ సగమే. 32 జీబీ కావాలంటే 16 జీబీవి రెండు కొనండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువవాటికి ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. తర్వాత బోర్డు సొంత సెట్టింగ్స్ ఉండే బయోస్‌లో, ర్యామ్‌ను దాని పూర్తి వేగంలో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చెయ్యాలి. అది చెయ్యకపోతే 6000 వేగమున్న డీడీఆర్5 కూడా 4800 లాంటి మామూలు వేగంలోనే నడుస్తుంది.

నాలుగు స్లాట్లూ నింపితే చూడటానికి బాగుంటుందని నాలుగు స్టిక్కులు పెట్టేవాళ్లున్నారు. దయచేసి వద్దు. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్కులతో 5200, నాలుగింటితో 3600.

## ఆట మధ్యలో పీసీ ఠక్కున ఆగిపోతోంది

ఎర్రర్ లేదు, బ్లూ స్క్రీన్ లేదు, స్విచ్ తీసేసినట్టు ఆరిపోతుంది లేదా రీస్టార్ట్ అవుతుంది. భారీ సీన్ వచ్చినప్పుడే ఇలా జరుగుతుంటే ముందు పవర్ సప్లైని అనుమానించాలి.

వాట్లన్నీ కూడి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3080 వాడకం 320 వాట్లు, ప్రాసెసర్‌కు ఇంకో 120 వేసుకున్నా 550 వాట్ల యూనిట్ చాలాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ 320 సగటు లెక్క. మిల్లీ సెకన్ల పాటు కార్డు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది, ఆ ఉదుటుకు పవర్ సప్లైలోని రక్షణ పనిచేసి మొత్తం ఆపేస్తుంది. ఆ కార్డుకు ఎన్విడియా 750 వాట్లు సిఫార్సు చేసింది ఇందుకే. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ ఉదుట్లను లెక్కలోకి తీసుకుంది. దాని ప్రకారం పెద్ద కార్డుల కోసం చేసిన యూనిట్ తన సామర్థ్యానికి రెట్టింపు లోడును 100 మైక్రో సెకన్ల పాటు తట్టుకోవాలి.

కొత్తది కొనేముందు కేబుళ్లు చూడండి. ఒక 8 పిన్ కనెక్టర్‌కు ప్రమాణం 150 వాట్లు. కార్డుకు రెండు కనెక్టర్లుంటే ఒకే కేబుల్‌కున్న రెండు తలలు పెట్టకుండా రెండు విడి కేబుళ్లు వేయండి. 16 పిన్ కనెక్టర్ ఉంటే సందు కనపడకుండా పూర్తిగా లోపలికి నొక్కాలి. సగం దిగిన కనెక్టర్ వేడెక్కి కరిగే ప్రమాదముంది. ఈ ఒక్కచోట తొందర పనికిరాదు. పాత పవర్ సప్లై కేబుళ్లను కొత్త యూనిట్‌కు తగిలించే పని అసలే వద్దు. యూనిట్ వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు, కనెక్టర్ సరిగ్గా పట్టినా డ్రైవ్‌లు కాలిపోవచ్చు.

80 ప్లస్ గోల్డ్ ముద్ర కరెంటు ఎంత ఆదా అవుతుందో చెబుతుంది. లోపలి రక్షణలు ఎంత బాగున్నాయో చెప్పదు. కాబట్టి ముద్ర ఒక్కటే చూడకండి, వారంటీ ఎన్నేళ్లో, ఆ మోడల్‌ను విప్పి పరీక్షించినవాళ్లు ఏమంటున్నారో చూడండి.

## కొత్తగా బిగించాను, స్క్రీన్ రావడం లేదు

కొత్త రైజెన్ ప్రాసెసర్లు పట్టే ఏఎం5 బోర్డయితే కొన్ని నిమిషాలు ఆగండి. డీడీఆర్5 మొదటిసారి మెమరీ ట్రెయినింగ్ (ర్యామ్‌ను పరీక్షించి సర్దుకోవడం) చేసుకుంటుంది, అంతసేపూ నల్ల స్క్రీనే. టెన్షన్‌లో మధ్యలో పవర్ తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అయినా రాకపోతే ప్రాసెసర్‌కు బోర్డులోని బయోస్ పాతదై ఉండొచ్చు. రైజెన్ 9000 ప్రాసెసర్ బీ650 బోర్డులో పనిచేస్తుంది, కానీ బయోస్ అప్‌డేట్ అయి ఉండాలి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకునే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు కొంటే ఈ చిక్కు సులువుగా వదులుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా బొమ్మ రాదు.

## మొదట బాగానే ఉండి, కాసేపటికి ఎఫ్‌పీఎస్ పడిపోతోంది

ఇది వేడి. క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే ఆట ఆడండి. ఉష్ణోగ్రత బాగా తగ్గితే తప్పు కూలర్‌ది కాదు, క్యాబినెట్‌లోకి గాలి వెళ్లడం లేదు. ముందు అద్దం ఉన్న క్యాబినెట్లలో ఇది ఎక్కువ. ముందువైపు జాలీ ఉన్నది తీసుకోండి. తలుపు తీసినా తగ్గకపోతే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి.

రైజెన్ 7000 ప్రాసెసర్లు పూర్తి లోడులో 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారైనవే, ఆ అంకె చూసి భయపడక్కర్లేదు. 7800ఎక్స్3డీ పరిమితి 89. దానికి మంచి ఎయిర్ కూలర్ చాలు, 360 ఎంఎం లిక్విడ్ కూలర్ డబ్బు కార్డులో పెట్టండి.

## వీడియో మెమరీ చాలడం లేదంటూ ఆట మూసుకుపోతోంది

కార్డులో మెమరీ ఖాళీగా ఉన్నా ఈ ఎర్రర్ వస్తుంటే, ప్రాసెసర్ ఇంటెల్ 13 లేదా 14వ తరానిదేమో చూసుకోండి. ముఖ్యంగా అన్‌రియల్ ఇంజిన్ ఆటలు షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకునేటప్పుడు కనపడే లక్షణం ఇది. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ తీసుకోవడం వల్ల దెబ్బతింటోందని తేల్చి, ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. బయోస్ అప్‌డేట్ చేస్తే అది వస్తుంది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను మాత్రం అప్‌డేట్ బాగుచెయ్యదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే. ధర తక్కువని ఈ తరాల పైమోడళ్లను సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఆలోచించండి.

## లిస్టు బడ్జెట్ దాటిపోయింది

ఇలాంటప్పుడు చాలామంది కత్తెర మొదట పవర్ సప్లై మీద వేస్తారు. నేనైతే ఈ వరసలో తగ్గిస్తాను. ముందు రంగుల లైట్లు, అద్దాల క్యాబినెట్. తర్వాత లిక్విడ్ కూలర్. తర్వాత మదర్‌బోర్డు: 8 కోర్ల ప్రాసెసర్‌కు ఎక్స్ సిరీస్ బోర్డు అక్కర్లేదు, మంచి బీ సిరీస్ బోర్డు చాలు. తర్వాత జెన్5 (పీసీఐఈ ఐదో తరం) ఎస్‌ఎస్‌డీ: జెన్4 దానితో పోలిస్తే ఆటలు లోడయ్యే సమయంలో తేడా చాలా తక్కువ. తర్వాత 64 జీబీ ర్యామ్‌ను 32 చెయ్యండి.

అప్పటికీ మిగలకపోతే, 1440పీ, 4కే వాళ్లు ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగండి, 1080పీలో వేగం కోసం ఆడేవాళ్లు కార్డులో దిగండి. పవర్ సప్లై మాత్రం ఇప్పుడు కొనే కార్డుకు కాకుండా ఇంకో రెండు మూడేళ్లకు మార్చబోయే కార్డుకు సరిపడేలా ఉంచండి. కార్డు మార్చడం కాసేపటి పని. పవర్ సప్లై మార్చాలంటే పీసీలోని ప్రతి కేబులూ ఊడదీసి మళ్లీ వేయాలి.